బాయిని ఆపిన జేబు

మా జమున ఒక్క జేబుతో బాయిని ఆపేసింది. నూతిని కాదు, బొగ్గు గనిని. గోదావరిఖనిలో గనిని బాయి అనే అంటాం. గోదావరి పొంగినా ఆగని బాయి, సమ్మె జెండాలు చూసి చూసి మొండికెక్కిన బాయి, ఇంటర్ అయిపోయిన ఒక పిల్ల కుట్టిన జానెడు గుడ్డకు నిలబడిపోయింది. బెల్టు మీద వస్తున్న బొగ్గు వస్తున్నచోటే ఆగింది. రామగుండం పొగగొట్టంలోంచి సగం బయటికొచ్చిన పొగ, ఏమైందో చూద్దామని కిందికి వంగింది. హైదరాబాదులో లైట్లు రెండుసార్లు మిణుకుమన్నాయట. అది మాత్రం నేను చూడలేదు, విన్నాను.

జమున నాకు మేనమామ కూతురు. నేను కిషన్. చౌరస్తా నుంచి బసంత్‌నగర్ దాకా షేర్ ఆటో తోలుతాను. పాలిటెక్నిక్‌కు నేను నేర్పవలసిందంతా రెండేళ్ళలోనే అయిపోయింది, అందుకని వచ్చేశాను. జమున అట్లా కాదు, పట్టుకున్నది వదలదు. పుట్టగానే బొడ్డు తానే కత్తిరించుకుందని నేను అందరికీ చెబుతాను. మా అత్త సారవ్వ ఒప్పుకోదు గానీ, ఆరో తరగతిలో బడి గౌను కోసి తన కొలతకు మళ్ళీ కుట్టుకున్న మాట నిజం. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు ఉంటాయి గనుక మాట తక్కువ. ఏదైనా చెప్పాలంటే ముందు సూదులు తీయాలి. సూదులు తీసిందంటే అది ఉత్త మాట కాదని క్వార్టర్లలో అందరికీ తెలుసు.

కథంతా ఆమె కాలేజీలో మొదలైంది. ఇంటర్ తర్వాత ఏం చదవచ్చో చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది. గోడ మీద బొమ్మలు వేసి, ఫ్యాషన్ డిజైనింగ్ అని ఒక చదువుందని చెప్పింది. బొమ్మల్లో సన్నటి అమ్మాయిలు ఎవరి మీదో కోపమొచ్చినట్టు నడుస్తున్నారు. జమున పక్కన కూర్చున్న సంతోషి లేచి, "మేడం, మా దగ్గర తెల్ల బట్ట ఆరేస్తే ఎండేలోపల నల్లగైతది. మాకు ఏం ఫ్యాషన్ నడుస్తది?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "మీ ఇంట్లో ఎవరైనా రోజూ వేసుకునే బట్ట ఒకటి తీసుకోండి. దాంతో వాళ్ళకున్న ఇబ్బంది ఏమిటో కనుక్కుని, తీర్చి చూడండి. నచ్చితే ప్రవేశ పరీక్ష రాయండి" అంది.

సంతోషి వారం రోజులు ఆలోచించి, పెళ్ళి జాకెట్ల మీద మగ్గం పని నేర్చుకుంటానని తేల్చుకుంది. మంచి లెక్కే. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు కొదవ లేదు. జమున మాత్రం ఇంట్లో సూదులు తీసింది.

"బాపూ, నేను డిజైన్ చదువు చదువుత."

"ఏం డిజైను? ఇండ్లు కట్టేటిదా?" అన్నాడు మా సదయ్య మామ.

"బట్టలయి."

"జాకెట్లు కుట్టుడు ఆరో తరగతిల్నే నేర్చుకుంటివి గదనే. మళ్ల నాలుగేండ్లు ఏం నేర్పుతరు, గుండీలు లెక్కవెట్టుడా?"

"లెక్కవెడితే మంచిదే గద" అంది మా అత్త పొయ్యి దగ్గర్నుంచి. "నీ అంగీకి ఎన్నడన్న అన్ని గుండీలు ఉన్నయా?"

మామ నవ్వలేదు. ఆయన మనసులో వేరే లెక్క ఉంది. మా దగ్గర ఆస్తి అంటే పొలం కాదు, బాయి నౌకరి. ఇక ఈ మనిషి పనిచేయలేడని డాక్టర్లు తేలిస్తే ఆ నౌకరి అతని పిల్లల్లో ఒకరికి వస్తుంది. మామకు జమున ఒక్కతే. భూమి లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టీ నిలబెట్టీ ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. దానికి తోడు షుగరు. మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి, బిడ్డ నౌకరిలో చేరాలి, తాను ఇంట్లో కాళ్ళు చాపుకోవాలి. తప్పు పట్టేదేం లేదు. ఇక్కడ తండ్రి బిడ్డకు ఇవ్వగలిగింది అదే. బిడ్డ వద్దనడమే ఎవరూ వినని మాట.

ఆమె వద్దంది. "పరీక్ష రాసినంక మాట్లాడుదాం బాపూ" అని, మేడం చెప్పిన పని మీద పడింది. రోజూ వేసుకునే బట్ట అంటే ఆ ఇంట్లో మామ డ్యూటీ అంగీయే. దాని ఇబ్బంది వెతకనక్కర్లేదు. షుగర్ గోలీలూ, కళ్ళు తిరిగితే నోట్లో వేసుకునే బెల్లం ముక్కా పైజేబులో పెట్టుకుంటే, చెమటకు నాని సాయంత్రానికి రెండూ కలిసి పచ్చడయ్యేవి. జమున పాలప్యాకెట్ కవరు కడిగి లోపల వేసి, చంక కింద ఒక జేబు కుట్టింది. ఎంత నేర్పుగా కుట్టిందంటే బయటినుంచి కుట్టు కనబడదు, లోపలినుంచి జేబు కనబడదు. నేను వేలు పెట్టి వెతికినా దొరకలేదు. ఇంత గొప్ప పనితనం మా గోదావరిఖనిలోనే లేదని ఆ రోజే నా ఆటోలో ఎక్కిన ప్రతి మనిషికీ చెప్పాను.

ఆ కనబడకపోవడమే కొంప ముంచింది.

భూమిలోపల గ్యాసు ఉంటుంది. ఒక్క అగ్గిపుల్ల చాలు. అందుకే దిగేముందు ప్రతి మనిషినీ నిలబెట్టి బీడీలు, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్ లేవని తడిమి చూసి పంపుతారు. ఆ పని చేసే నర్సింగం, మామతో రోజూ చాయ్ తాగే మనిషే. మామ చేతులు పైకెత్తాడు. నర్సింగం చెయ్యి చంక కిందికి పోయింది. గరగరమంది.

"ఏందే సదన్నా, చంకల పామును సాదుతున్నవా?"

"పాము లేదు, ఏం లేదు. గోలీలురా."

"గోలీలకు దొంగజేబు దేనికే?"

వరుసలో ఉన్నవాళ్ళందరికీ ఆ ఒక్క మాటే వినబడింది. పైవాళ్ళు వచ్చారు. అంగీ విప్పించారు. బనీను మీద నిలబడ్డాడు మామ. జేబు తిరగేస్తే గోలీలూ బెల్లమూ తప్ప ఏమీ రాలేదు గానీ, కనబడకుండా కుట్టిన జేబుతో లోపలికి పంపడం కుదరదన్నారు. అది తేలేసరికి షిఫ్టువాళ్ళంతా లోపలికి దిగిపోయారు. బీడీ ముట్టని మనిషి, మీద ఒక్క మాట పడని మనిషి, ఆ పూట మస్టర్ హాజరు పోగొట్టుకుని అంగీ భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఆయనకంటే ముందే పేరు వచ్చింది: దొంగజేబు సదయ్య. చాయ్ హోటల్లో అదే, కూరగాయల దగ్గర అదే.

అంగీ తెచ్చి కుట్టుమిషను మీద పారేశాడు. "ఫ్యాషన్ అయిపాయెనా? ఇన్నేండ్ల సర్వీసుల నన్ను ఎవడు వేలువెట్టి చూపలే. ఇగ సాలు. దరఖాస్తు వెట్టుకుంట. నౌకరి చెయ్యి, ఆ కత్తెర అవతల పారెయ్యి."

జమున సూదులు తీసింది. "తప్పు నాదే బాపూ. జేబు తప్పు కుట్టిన."

"మరి?"

"మళ్ల కుడత. నౌకరి మాత్రం చెయ్య."

మా అత్త చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. ఆ ఇంట్లో మామకు ఎదురు చెప్పే హక్కు అప్పటిదాకా ఆమె ఒక్కదానిదే.

తెల్లవారి జమున నా ఆటో ఎక్కింది. "బావా, మొదటి షిఫ్టుకు బాయికాడ దింపు."

"దేనికే? ఇంకోపారి ఆపుతవా?"

"తడుముడు చూడాలె."

గేటు పక్కన నిలబడింది. అన్నం డబ్బాలు పట్టుకుని వచ్చే మొగవాళ్ళ మధ్య ఒక్క ఆడపిల్ల. ఊరుకుంటారా! "బిడ్డా, మాకు గూడ ఒక దొంగజేబు కుట్టరాదు" అన్నాడొకడు. ఆమె అతని వైపు చూడలేదు. "కుడత కాకా. జర పక్కకు జరుగు, చేతులు కనవడ్తలెవ్వు" అంది. నర్సింగానికే ఇబ్బందిగా ఉంది పాపం.

"నా మీద కోపమొచ్చి నిలవడ్డవా బిడ్డా?"

"లేదు కాకా. మా బాపును బనీను మీద నిలవెట్టింది నువ్వు గాదు, నా కుట్టు. నీ చెయ్యి ఏడ ఆగుతదో చూసిపోత."

నర్సింగం కాసేపు గడ్డం గోక్కున్నాడు. "చెప్పాలంటె గింతే బిడ్డా. బట్ట రెండు మడతలున్నకాడ చెయ్యి ఆగుతది. దాచినట్టు కొడితె ఆగుతది. కండ్లకు కనవడ్డదాని మీద ఎందుకు ఆగుతది?"

మర్నాడు కూడా వెళ్ళి చూసింది. తర్వాత మిషను ముందు కూర్చుంది. ముందు దోమతెర గుడ్డతో జేబు కుట్టింది. మా అత్త బొగ్గుబట్టలను బండకేసి బాదే బాదుడుకు మొదటి ఉతుకులోనే పీలికలైంది. ఉల్లిగడ్డ సంచి వల కోసి కుట్టింది. అది గట్టిదే గానీ గీరుకుంటుంది. చివరకు తన పాత బడిసంచికి నీళ్ళసీసా పెట్టుకునే వలజేబు ఉంటే ఊడదీసింది. పాత రెయిన్‌కోటు ముక్క కింద వేసింది, చెమట తగలకుండా. ఇంకో డ్యూటీ అంగీకి ఎదురుగా ఎడమ రొమ్ము మీద, మూత లేకుండా, లోపలున్న గోలీ రంగు కూడా కనబడేట్టు కుట్టింది. పనిలో పని, ప్యాంటు మోకాళ్ళకు బొంత కుట్టినట్టు పాత చీర పొరలు వేసి గళ్ళుగళ్ళుగా కుట్టేసింది.

మామ తొడగనన్నాడు. అంగీ మేకుకు వేలాడింది. అప్పుడు మా అత్త రంగంలోకి దిగింది. పొద్దున్నే మిగతా డ్యూటీ బట్టలన్నీ బకెట్లో నానబెట్టేసింది.

"గవి నానవెట్టినవేందే? నేనేం తొడుక్కపోవాలె?"

"గా మేకుకున్నది తొడుగు. వద్దంటే బనీను మీద పో. బనీను మీద నిలవడుడు నీకు అలవాటే గద!"

తొడిగాడు. ఆ రోజు నేనూ గేటు దాకా పోయాను. వరుసలో గుసగుసలు. మామ చేతులెత్తాడు. నర్సింగం ఎందుకైనా మంచిదని పైవాళ్ళను పిలిచాడు. ఒక సారు వచ్చి, వలజేబులోని గోలీలనూ బెల్లాన్నీ చూసి, వెనక్కి మలిపి చూసి, "అన్నీ కనబడుతున్నాయి కదయ్యా, పోనీ" అని వెళ్ళిపోయాడు. నర్సింగం చెయ్యి మామ భుజం నుంచి నడుము దాకా ఎక్కడా ఆగకుండా జారింది.

వెనకున్నతను మెల్లగా అడిగాడు: "సదన్నా, ఎవలు కుట్టిన్లే?"

"మా బిడ్డ" అన్నాడు మామ. "గుండీలు గూడ అన్ని పెట్టింది, లెక్కవెట్టుకో."

ఆ వారం షుగరున్న ప్రతి కార్మికుడూ అంగీ పట్టుకుని వచ్చాడు. వరుస క్వార్టర్లు దాటి, చౌరస్తా దాటి, గోదావరి వంతెన మీదికి పోయింది. షుగరు లేనివాళ్ళు తెప్పించుకుని మరీ వచ్చారు.

పరీక్ష రాసింది, ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. హైదరాబాదుకు రెండు అంగీలూ తీసుకుపోయింది, చంక జేబుదీ, వల జేబుదీ. లోపల ఏం జరిగిందో నేను చూడలేదు, కాబట్టి బాగా చెప్పగలను: అడిగేవాళ్ళు అయిదుగురూ లేచి నిలబడి చేతులు పైకెత్తారు, మా జమున ఒక్కొక్కరినీ తడిమి కూర్చోబెట్టింది. మొత్తానికి సీటు వచ్చింది.

సీటొచ్చిన పొద్దుటికి కూడా మామ పెట్టుకుంటానన్న దరఖాస్తు ఇంకా పెట్టలేదు. డ్యూటీకి తయారై గడప మీద కూర్చుని బూట్ల దారాలు బిగించుకుంటున్నాడు. జమున ఎదురుగా వచ్చి నిలబడింది. నోట్లో సూదులు లేవు.

"మోకాళ్ళు నొస్తె బోర్డుకు పో బాపూ. నీ పానం కోసం పో. నా కోసమైతె పోకు. నాకు నౌకరి వద్దు. నేను పోయి చదువుకుంట."

మామ రెండో బూటు బిగించేదాకా తలెత్తలేదు. "నాకు ఇంక నాలుగేండ్ల సర్వీసున్నది. నీది నాలుగేండ్ల చదువాయె. ఇద్దరం ఒక్కపారే బయటవడుదాం."

"మరి మోకాళ్ళు?" అంది మా అత్త.

"బొంత ఉన్నది గద."

"నా కోసం దిగుడు గూడ వద్దు బాపూ" అంది జమున.

"నీ కోసం ఎవడు దిగుతాండే? గా అంగీ నలుగురికి చూపెట్టుకోను దిగుతాన" అని లేచాడు. లేచేటప్పుడు గోడ పట్టుకున్నాడు. అది మేం ముగ్గురం చూశాం, చూడనట్టు ఉన్నాం.

ఇప్పుడామె హైదరాబాదులో హాస్టల్లో ఉంటుంది. ఇదంతా రాసి ఫోన్లో చదివి వినిపించాను. అవతల మిషను చప్పుడు ఆగింది. సూదులు తీస్తోంది కాబోలు.

"బాయి ఆగలే బావా. మా బాపు ఒక్కడే ఆగిండు. జేబు తప్పు కుట్టిన, మళ్ల కుట్టిన. గంతే."