కాపరి ఎంతసేపు కాస్తాడు

కరుణశ్రీ రేపల్లెలో డాక్యుమెంట్ రైటరు. రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురు వరసలో, జిరాక్సు మిషను పక్కన, తండ్రి వరప్రసాదం కూర్చున్న కుర్చీలోనే పందొమ్మిదేళ్లుగా కూర్చుంటోంది. అమ్మకాలు, పంపకాలు, తనఖాలు ఎన్ని ఆమె చేతి మీదుగా వెళ్లాయో ఆమెకే తెలియదు. అన్నదమ్ములు ఆమె బల్ల ముందే తిట్టుకున్నారు. ఒక ముసలాయన ఉన్న ఎకరం అమ్మి, వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా చూసుకుంటూ బెంచీ మీద గంటసేపు కూర్చుండిపోయాడు. ఆమె తరవాతి కాగితం అందుకుంది. మొదట్లో అలాంటి రోజున ఇంటికెళ్తే అన్నం సహించేది కాదు. ఇప్పుడు సహిస్తుంది. ఎప్పటి నుంచి సహిస్తోందో ఆమె గమనించలేదు.

ఆదివారాలు ఆమెకు ఇంకో పని ఉంది. చర్చిలో మొదటి ఆరాధన కాగానే తెనాలి రైలెక్కి, కార్డుల పోటీలకు తీర్పరిగా వెళుతుంది.

ఆ ఆట పేరు ఏడు కోటలు. పాకెట్టు కొంటే అందులో ఏ కార్డులొస్తాయో విప్పేదాకా తెలియదు. వచ్చినవాటిలోంచి నలభై ఏరి కట్ట కట్టుకుని, ఎదుటివాళ్ల ఏడు కోటలూ పడగొట్టాలి. ఏ కార్డు ఏం చేస్తుందో దాని మీదే రెండు ముక్కల్లో రాసి ఉంటుంది. గొడవలన్నీ ఆ రెండు ముక్కల దగ్గరే. ఈ పోటీలు పెట్టేది తెనాలిలో పుస్తకాలు, బొమ్మలు అమ్మే లక్ష్మీనారాయణ. మూడేళ్ల కిందట స్థలం రిజిస్ట్రేషనుకు రేపల్లె వచ్చి, వంతు కోసం కాచుకుంటూ, ఆమె బల్ల చివర బావమరిదితో ఆడుతూ ఒక కార్డు దగ్గర పేచీ పడ్డాడు. కరుణశ్రీ టైపు ఆపి చెయ్యి చాచింది.

"ఎవరు, ఎవరి మీద, ఎప్పుడు, ఎందాకా. దేనికైనా నాలుగు హద్దులుండాలి బాబాయ్‌గారూ. ఇందులో మూడే ఉన్నాయి."

"మరి నాలుగోది?"

"ఇంకో కాగితంలో ఉంటది. రూలు పుస్తకం తెచ్చుకున్నారా?"

పుస్తకం చూసి ఆమె తేల్చింది. లక్ష్మీనారాయణ బావమరిది వైపు తిరిగి, "ఇన్నాళ్లకి జడ్జీగారు దొరికారు. నువ్వు ఓడావు, టీలు చెప్పు," అన్నాడు.

అప్పటి నుంచి ఆమే తీర్పరి. ఎందుకు ఒప్పుకున్నావని భర్త బర్నబాస్ అడిగితే, "ఆదివారం ఖాళీయేగా," అంది.

తప్పు జరిగింది బాపట్లలో.

ఆ పోటీలో సునీల అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి ఆడుతోంది. చీరాల దగ్గర మరమగ్గాల షెడ్డులో పని. అవతలి ఆటగాడు ఏటిగట్టు కాపరి అనే కార్డు వేశాడు. దాని మీద "మీ కోటలకు దెబ్బ తగలదు" అని ఉంది. ఎందాకా తగలదో లేదు. మూడు చుట్లు గడిచాక సునీల అతని చివరి కోట మీద దెబ్బ వేసింది. కాపరి ఇంకా బల్ల మీదే ఉన్నాడన్నాడు అతను. వేసిన చుట్టుతోనే కాపరి పని అయిపోయిందని సునీల అంది. తీర్పరి రావాలని ఇద్దరూ చెయ్యెత్తారు.

రూలు పుస్తకంలో ఆ సంగతి లేదు. కరుణశ్రీ దస్తావేజుకు ఏం చేస్తుందో కార్డుకూ అదే చేసింది. దస్తావేజులో ఒక హద్దు దొరక్కపోతే అంతకు ముందు రాసుకున్న లింకు కాగితం తీస్తారు. భూమికి పాత కాగితమే పెద్ద దిక్కు. అదే కాపరి మొదటి ఏడాది అచ్చయిన కార్డు ఒకరి పెట్టెలో దొరికింది. అందులో "కాపరి బల్ల మీద ఉన్నంతసేపు" అని స్పష్టంగా ఉంది. దెబ్బ తగలదని ఆమె చెప్పింది. సునీల ఓడింది. మొదటి స్థానం పోయినా, రెండో స్థానంతో తెనాలి పోటీకి అర్హత మిగిలింది.

ఎందుకైనా మంచిదని కరుణశ్రీ కార్డుల కంపెనీకి ఉత్తరం పంపింది. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. కొత్త అచ్చు వచ్చాక పాత అచ్చులోని మాట చెల్లదు. ఎందాకా అని చెప్పని కార్డు పని ఆ చుట్టుతోనే సరి. ఆమె రెండుసార్లు చదివి లక్ష్మీనారాయణకు ఫోన్ చేసింది.

"పోయిందేదో పోయిందమ్మా. అభ్యంతరానికి గడువు వారమే. అదీ దాటింది. ఇప్పుడు కెలికితే బాపట్ల వాళ్లంతా నా కొట్టు మీద పడతారు," అన్నాడు.

"తెనాలిలో ముందుగా చెబుదామా?"

"ఎవరన్నా అడిగితే చెబుదువుగాని."

ఆ మాట ఆమెకు సబబుగానే తోచింది. దస్తావేజులో తప్పు పడితే సవరణ దస్తావేజు రాస్తారు. అదీ పార్టీలు వచ్చి అడిగితేనే. తను రాసినవాటిలో తప్పులున్నాయని తెలిసి ఆమె ఎవరింటికీ వెళ్లలేదు. వాళ్ల నాన్నా వెళ్లలేదు.

పది రోజుల తరవాత, ఆదివారం, తెనాలి. ఇక్కడ గెలిచినవాళ్లు విజయవాడ వెళతారు. పొద్దున పోటీ గది మెట్ల దగ్గర టీ తాగుతున్న కరుణశ్రీ పక్కకు సునీల వచ్చింది.

"వచ్చే నెల నుంచి ఆదివారాలు కూడా షెడ్డు నడుపుతారంట మేడం. మా ఓనరు చెప్పాడు. నాకిదే ఆఖరు. ఇయ్యాల గెలిస్తే విజయవాడకి ఒక్క రోజు సెలవిస్తానన్నాడు."

"ఊ."

"ఈసారి మీ తీర్పు మీదే నడుస్తున్నానండి." సునీల కట్ట విప్పి చూపించింది. "నాలుగు కాపరులు. నా మంచి కార్డులన్నీ ఇచ్చేసి మార్చుకున్నా. ఆ రోజు నన్ను కొట్టింది ఇదేగా."

కట్టలో కార్డులు మార్చుకోవడానికి ఇంకా పావుగంట గడువుంది. కరుణశ్రీ గోడ మీది గడియారం చూసింది. అమ్మాయి ఏమీ అడగలేదు.

"టీ చల్లారిపోతోంది, తాగమ్మా," అంది.

సునీల మధ్యాహ్నానికి ఆఖరి ఆటకు చేరింది. ఎదురుగా తెనాలిలో మందుల కొట్టు నడిపే ఉమాశంకర్.

"మళ్లీ కాపరేనా? కోటలు కాస్తున్నావా, గొర్రెల్ని కాస్తున్నావా?" అన్నాడు.

"నీ కోటలు లెక్కపెట్టుకో అన్నయ్యా. రెండే ఉన్నయ్."

"నీకొకటేగా."

రెండు చుట్ల తరవాత ఉమాశంకర్ ఆ ఒక్క కోట మీద దెబ్బ వేశాడు. సునీల నవ్వుతూ కాపరి మీద వేలు పెట్టింది. "బాపట్ల తీర్పు గుర్తులేదా అన్నయ్యా?"

"ఉందిలే. అడిగితే పోయేదేముంది?" అని అతను చెయ్యెత్తాడు.

కరుణశ్రీ వచ్చింది. వెనకే వచ్చిన లక్ష్మీనారాయణ ఆమె చెవి దగ్గర వంగాడు. "బాపట్ల మాటే చెప్పెయ్యమ్మా. వీళ్లకి తెలిసింది అదే."

అసలు జవాబు తెలిసినవాళ్లు ఆ గదిలో ఇద్దరే. ఆమె కార్డు చేతిలోకి తీసుకుని చదివింది. చదవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు.

"వేసిన చుట్టుతో సరి. దెబ్బ తగులుతుంది."

ఉమాశంకర్ తన కార్డు వంక తనే చూసుకున్నాడు. సునీల వేలు ఇంకా కాపరి మీదే ఉంది.

"బాపట్లలో తగలదన్నారు కదండీ."

"అన్నాను. తప్పు చెప్పాను."

"తప్పని ఎప్పుడు తెలిసింది మేడం?"

"పది రోజులైంది."

సునీల లెక్క వేసుకుంది. "అంటే పొద్దున టీ దగ్గర..."

"తెలుసు."

చుట్టూ చేరినవాళ్లలో ఎవరో దగ్గారు. కరుణశ్రీ తన లోపల ఏదైనా కదులుతుందేమోనని ఒక క్షణం ఆగింది. ఆకలిగా మాత్రం అనిపించింది.

"అయితే బాపట్లలో గెలిచింది నేనే," అంది సునీల.

"నువ్వే."

"అది రాసివ్వండి."

"ఇప్పుడది ఎందుకూ పనికిరాదమ్మా, గడువు దాటింది," అన్నాడు లక్ష్మీనారాయణ.

"తెలుసండి. రాయమనండి."

కరుణశ్రీ బల్ల చివర కూర్చుని తెల్లకాగితం తీసింది. పేరు, తండ్రి పేరు, ఊరు అడిగి రాసింది. ఫలానా తేదీన, ఫలానా కార్డు విషయంలో తాను పాత అచ్చును ఆధారం చేసుకుని తప్పు తీర్పు చెప్పినట్టు, ఆ ఆట న్యాయంగా సునీలదే అయినట్టు నాలుగు వాక్యాల్లో రాసి ముగించింది. కొట్టివేతలు లేవు. సంతకం పెట్టబోతుంటే సునీల కాగితం మీద చెయ్యి ఉంచింది.

"పొద్దున తెలిసి కూడా చెప్పలేదని రాయండి. కట్ట మార్చుకునే టైముందని కూడా."

కరుణశ్రీ అదీ రాసింది. పావుగంట అని అంకె కూడా వేసింది. కింద సంతకం, తేదీ. సునీల నిలబడే మొత్తం చదువుకుని, మడిచి, చేతిసంచిలో పెట్టుకుంది. నాలుగు కాపరులనూ బల్ల మీదే వదిలేసి, చీరాల వైపు రైలుకు టైమవుతోందని మెట్లు దిగిపోయింది.

లక్ష్మీనారాయణ ఆ కార్డులు పోగుచేశాడు. "ఆ చివరి ముక్క ఎందుకు రాశావమ్మా? ఎవరన్నా చూస్తే మనకేం మర్యాద?"

"అడిగింది కదా బాబాయ్‌గారూ," అంది కరుణశ్రీ.

మూడో స్థానం కోసం ఆడుతున్న బల్ల దగ్గర ఎవరో చెయ్యెత్తారు. ఆమె పెన్నుకు మూత పెట్టి అటు నడిచింది.