ఆపా రాసిన ఒక్క పేజీ

ఆపా పోయిందని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. భూపాలపల్లిలో నేను పనిచేసే ఆసుపత్రికి పొద్దుటి డ్యూటీ వాళ్లు అప్పుడే వస్తున్నారు. ఎవరు ఏ వార్డుకు పోవాలో చెబుతూనే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. ఆపా చెల్లెలి గొంతు. "మా అక్క పోయింది బిడ్డా. చాయ్ ఇద్దామని లేపితే లేవలే. పగటి నమాజ్ అయినంక తీస్కపోతరు. వస్తవా?" అంది. "వస్తున్న" అన్నాను. ఇద్దరు ఆయాలను ఒకే వార్డుకు పంపి వచ్చానని బస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

ఆపా నాకు చుట్టం కాదు. ఉర్దూలో ఆపా అంటే అక్క, అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. జనగామ రైల్వే స్టేషన్ దగ్గరి సందులో టైపు, జిరాక్స్ దుకాణం నడిపేది. వయసులో ఉన్నప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు నేర్పేదట. టైపు మిషన్లు మూలపడ్డాక, నలభై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకుని సొంతంగా దుకాణం పెట్టుకుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. చెల్లెలి కుటుంబంతోనే ఉండేది. దరఖాస్తులు, అఫిడవిట్లు అన్నీ కొట్టేది గానీ, దూరం ఊళ్ల నుంచి జనం ఆమె దగ్గరికి వచ్చేది బయోడేటా కోసం.

ఏడేళ్ల కిందట నేనూ అందుకే పోయాను. మాది పెద్దవంగర దగ్గర తండా. డిగ్రీ అయిన ఏడాదే మా యాడికి పక్షవాతం వచ్చింది. అమ్మను మేము యాడి అంటాం. నాలుగేళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయాను. ఆమె చనిపోయాక ఉద్యోగం వెతుక్కుందామంటే, ఏం రాసి పంపాలో తెలియలేదు. గార్లలో ఉండే నా క్లాస్‌మేట్ తన బయోడేటా పంపితే, దాంట్లో పేరూ ఫోన్ నంబరూ పెన్నుతో మార్చి, మళ్లీ కొట్టిమ్మని ఆపాకు ఇచ్చాను. నాలుగు పేజీలు.

ఆపా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాలు ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివింది. చివరి పేజీ దగ్గర ఆగింది.

"నీది ఏ ఊరు?"

"పెద్దవంగర."

"మరి సంతకం కాడ గార్ల అని ఉన్నదేంది? గిది నీ బయోడేటానా, ఇంకో పిల్లదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం స్టూలు చూపించి కూర్చోమంది.

"కష్టపడి పనిచేస్త, నిజాయితీగ ఉంట, అందరితోని కలిసిపోత... గివి అందరు రాస్తరు బేటా. నువ్వు ఎసొంటిదానివో వాళ్లకు చెప్పకు. ఏం చేసినవో చెప్పు. ఎసొంటిదానివో వాళ్లే తెలుసుకుంటరు."

"నేనేం చెయ్యలే ఆపా. నాలుగేండ్లు ఇంట్లనే ఉన్న."

"ఇంట్ల ఉండి?"

"యాడిని చూసుకున్న. పత్తి ఏరబోయిన."

"ఒక్కదానివే పోయినవా?"

చెప్పక తప్పలేదు. మా తండా నుంచి పదహారు మంది ఆడవాళ్లను పత్తికి నేనే తీసుకుపోయేదాన్ని. రైతులతో ముందురోజే మాట్లాడుకోవడం, ఆటో కుదర్చడం, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఇంకో మనిషిని చూడడం, అన్నీ నా మీదే ఉండేవి. చెబుతుంటే సిగ్గేసింది. ఆపా తెల్లకాగితం మీద పెన్సిల్‌తో రాసుకుంటోంది.

"కూలి పని గుడ బయోడేటాల రాస్తరా ఆపా? నవ్వరా?"

"నవ్వేటోడు నౌకరీ ఇయ్యడు. వాని దగ్గరికి నువ్వు పోనే పోకు," అంది.

ఆ తర్వాత ఉద్యోగం ప్రకటన చూపించమంది. ఆసుపత్రిలో ఆయాల, వార్డుబాయ్‌ల డ్యూటీలు చూసే పని అది. రెండుసార్లు చదివింది. ఎత్తు, కులం, హాబీలు తీసేసింది. "గిది పెండ్లికి కాదు కదా" అని తనే నవ్వింది. పదహారు మంది సంగతి అన్నిటికన్నా పైన పెట్టింది. నాలుగేళ్ల ఖాళీని దాచలేదు, అమ్మ అనారోగ్యం అని ఒక్క వాక్యం రాసింది. మొత్తం ఒక్క పేజీ అయింది. ప్రింటు తీసే ముందు కాగితం మీది నంబరుకు తన ఫోన్ నుంచి కాల్ చేసింది. నా చేతిలో ఫోను మోగాకే ప్రింటు నొక్కింది. ఎవరికైనా అలాగే చేసేదట. ఒక అంకె తప్పుపడి, పిలుపు వచ్చినా తెలియక ఉద్యోగం పోగొట్టుకున్న పిల్లవాణ్ణి ఆమె చూసింది.

ఆమెకు కోపం రావడం ఒక్కసారే చూశాను. నేను అక్కడ కూర్చుని ఉండగానే ఒకతను వచ్చి, చేయని కంపెనీలో రెండేళ్లు చేసినట్టు రాయమన్నాడు. "అక్కడ అడుగుతరు. అప్పుడు నీ పక్కన నేనుండ," అని కాగితాలు తిరిగి ఇచ్చేసింది. అతను వినిపించేలా ఏదో తిట్టుకుంటూ పోయాడు. ఆపా కొంచెంసేపు కీబోర్డు మీది దుమ్ము తుడిచింది.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నా పేజీ చేతిలోకి తీసుకుని, పదహారు మంది అన్న చోట వేలు పెట్టాడు. "పొద్దున్నే ముగ్గురు రామంటే ఏం చేసేదానివమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలియదు. అరగంట మాట్లాడాను. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి పోతే ఆపా అడిగిన మొదటి మాట, "ఏ లైను మీద వేలు వెట్టిండు?"

నిరుడు చలికాలంలో తనే ఫోన్ చేసింది. అప్పటికి దుకాణం మూతపడి ఏడాదైంది. పిల్లలంతా ఫోన్లలోనే బయోడేటా చేసుకుంటున్నారు. ఆపా కంప్యూటర్‌ను ఇంటి ముందుగదిలోకి తెచ్చుకుంది. ఎప్పుడో ఒకరిద్దరు తెలిసినవాళ్లు వచ్చేవారు.

"ఒక బడిల ఆఫీసు పనికి మనిషి కావాల్నట. నాకు బయోడేటా కావాలె బేటా. నాది నాకు రాస్తె వస్తలేదు."

ఆదివారం పోయాను. తెర మీద ఆమె పేరు, ఫోన్ నంబరు, టైపు పాసైన సంగతి ఉన్నాయి. దాని కింద అంతా ఖాళీ.

"ఏం చేసినవ్ ఆపా, చెప్పు," అన్నాను.

"ఏం చేసిన? మంది కాయితాలు కొట్టిన."

తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. టైపు నేర్చుకుని కోర్టులో, తాలూకా ఆఫీసులో చేరిన ఆడపిల్లలు. తాను రాసిన దరఖాస్తుతో ఆగిపోయిన పింఛను మళ్లీ తెచ్చుకున్న ముసలామె. నేను కొడుతుంటే ఆపా చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో పరాయి మనిషి గురించి వింటున్నట్టు తెర వైపు చూసింది. ఆ బడివాళ్లు పుట్టిన తేదీ కచ్చితంగా రాయాలన్నారు. అక్కడికొచ్చాక "జర ఆగు" అంది. వంటింట్లోకి పోయి నీళ్లు తాగి వచ్చింది. "వెయ్యి," అంది.

వారం తర్వాత నేనే ఫోన్ చేశాను. "ఏమడిగిన్రు ఆపా?"

"ఏం అడగలే. పుట్టిన తారీఖు చూసి, మంచిదమ్మా చెప్తం అన్నరు. కిందికి సదవనే లేదు. ఒక్కటన్న అడుగుతరనుకున్న బేటా. అన్నిటికి జవాబులు మనసుల అనుకొని పోయిన."

రంజాన్‌కు వస్తానన్నాను. డ్యూటీలు కుదరక పోలేకపోయాను. ఆమె గుండె బాగాలేదన్న సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే పోయేదాన్ని అని ఇప్పుడు అనుకోవడం సులువే.

హనుమకొండలో బస్సు మారి జనగామ చేరేసరికి ఆపాను మోసుకుని జనాజా వెళ్లిపోయింది. ఆపా ముఖం చూడలేకపోయాను. ముందుగదిలో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చెల్లెలు నన్ను పట్టుకుని, "నీ పేరు మస్తు చెప్పేది," అంది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

కాసేపటికి గుమ్మంలోకి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో సర్టిఫికెట్ల ప్లాస్టిక్ కవరు ఉంది. మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చిందట, బయోడేటా కోసం ఆపా పేరు ఎవరో చెబితే. లోపల మమ్మల్ని చూసి, సంగతి అర్థమై వెనక్కి తిరగబోయింది. "రా బిడ్డా, కూసో," అని చెల్లెలే పిలిచింది. ఆ అమ్మాయి కవరు ఒళ్లో పెట్టుకుని గుమ్మం పక్కన కూర్చుంది. ఆమెను ఎవరూ ఇంకేమీ అడగలేదు.

మట్టి ఇచ్చి మగవాళ్లు తిరిగొచ్చారు. వాకిట్లో కుళాయి దగ్గర ఒకరి తర్వాత ఒకరు కాళ్లూ చేతులూ కడుక్కుంటున్నారు. ఆ నీళ్లు మట్టితో ఎర్రగా పారుతూ చెప్పుల వైపు వచ్చాయి. ఆ అమ్మాయి లేచింది. కవరు చంకలో పెట్టుకుని, తడవకుండా ఒక్కొక్క జతే తీసి మెట్టు మీద వరసగా పెట్టసాగింది. మా అందరి చెప్పుల మధ్యలో ఆపావి కూడా ఉన్నాయని ఆమెకు తెలియదు. వాటినీ తీసి, మట్టి దులిపి, మిగతా వాటి పక్కనే పెట్టింది.