పదిహేడో నంబరు రోగి గురించి వాల్‌బుర్గా టైపు చెయ్యని వాక్యం

వాల్‌బుర్గా హోల్షర్ మా జిల్లా ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు టైపిస్టుగా పనిచేసింది. నేను అదే అంతస్తులో రోగులకు ఒళ్లు తుడిచి, పక్కలు మార్చేదాన్ని. ఆమె రోజూ పొద్దున్న ప్రార్థన ముగించుకునే పనిలోకి వచ్చేది. ఏ రోగి భర్తయినా వరండాలో బిక్కమొహం వేసుకుని నిలబడితే, లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ పోసేది. ఆమె గొంతు పెంచడం నేను ఒక్కసారే విన్నాను.

ఆ ఏడాది గెర్నోట్ పాపె అనే కుర్ర డాక్టరు పట్టా కోసం ఒక మందు మీద పరిశోధన గ్రంథం రాస్తున్నాడు. అతను టేపులో చెప్పుకుపోతే, ఆమె విని టైపు చేసేది. ఒక మధ్యాహ్నం నేను ఆమె గదికి వెళ్లేసరికి మిషను ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నువ్వూ విను," అని టేపు మీట నొక్కింది.

"మా సరుకు ముప్పై ఒక్కమంది స్త్రీలు," అంటోంది గెర్నోట్ గొంతు. "పదిహేడో నంబరు. అరవై నాలుగేళ్లు, పాడి రైతు. చికిత్సలో విఫలురాలు. సహకరించలేదు, ఫిబ్రవరిలో రెండుసార్లు రాలేదు. మరణం కారణంగా సరుకులోంచి తగ్గింది."

ఆ పదిహేడు ఎవరో మా ఇద్దరికీ తెలుసు. ఒటిల్య బ్రూనింగ్. మందు ఎక్కించాక వాంతులతో మెలికలు తిరుగుతూ కూడా, "నీ బట్టలు పాడుచేశాను తల్లీ," అని నన్నే ఓదార్చిన మనిషి. అప్పటికి పోయి నాలుగు నెలలు.

ఇంతలో గెర్నోట్ తలుపు తోశాడు. "పేజీలయ్యాయా వాల్‌బుర్గా గారూ? ప్రొఫెసరు గారు నా ప్రాణం తీస్తున్నారు."

"సరుకేమిటి నాయనా? ఎరువుల బస్తాలా?"

"పరిశోధనలోకి తీసుకున్న రోగుల్ని అందరూ అలాగే రాస్తారండీ. ముప్పై ఏళ్ల కిందటి పుస్తకాల్లోనూ అదే మాట."

"మరి విఫలురాలంటే? ఫెయిలవడానికి ఆవిడేమైనా పరీక్ష రాసిందా? ఫెయిలైంది నీ మందు."

"అలా రాస్తే వాక్యం పొడుగైపోతుంది," అని నవ్వాడు.

ఆమె రోగుల రాకపోకలు రాసుకునే పుస్తకం తెరిచి అతని ముందుకు నెట్టింది. "చదువు. పైకి."

అతను చదివాడు. రెండుసార్లూ మంచుకు దారి మూసుకుపోయింది, బస్సు లేదని ఆవిడ ఫోను చేసింది. రెండుసార్లూ మర్నాడే పొరుగువాళ్ల ట్రాక్టరు మీద వచ్చింది. ఆ రోజు ఆమె వంతు కాదని డాక్టరు వెనక్కి పంపేశాడు.

"ఏ డాక్టరు?"

"నేనే," అన్నాడు నెమ్మదిగా.

"ఆవిడ వేళ్లు కొయ్యబారిపోయాయి బాబూ," అన్నాను నేను. "గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, అప్పుడు పంపాను."

"ఇప్పుడు మారిస్తే పట్టికలన్నీ మళ్లీ వెయ్యాలి..."

"వేసుకో! లేదా ఇంకెవరి చేతైనా కొట్టించుకో," వాల్‌బుర్గా గొంతు వరండా దాకా వినబడింది. "నా ఉద్యోగం పోతే పోనీ. ఆవిడ గురించి ఈ లోకంలో అచ్చయ్యేది ఈ రెండు ముక్కలే. అవి అబద్ధం కావడానికి వీల్లేదు."

అతను పుస్తకం మూసేసి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత కొత్త టేపు వచ్చింది. "పదిహేడో నంబరు. మందు పనిచేయలేదు. మంచు వల్ల రెండుసార్లు రాలేకపోయింది. మర్నాడు వచ్చినా మేము చూడలేదు." వాల్‌బుర్గా కళ్లు తుడుచుకుని టైపు చేసింది. 'సరుకు' మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రొఫెసరు ఒప్పుకోలేదట.

టేపు చివర కృతజ్ఞతలు. ప్రొఫెసరుకి, అమ్మానాన్నలకి, పెళ్లాడబోయే అమ్మాయికి, ఓపికగా టైపు చేసిన వాల్‌బుర్గా హోల్షర్ గారికి. ఆ ముప్పై ఒక్కమందికి ఒక్క ముక్క లేదు.

ఆమె తన పేరు దగ్గర ఆగి, అది కొట్టకుండానే కాగితం లాగేసి, పేజీల కోసం వచ్చిన గెర్నోట్‌కి ఇచ్చింది. అతను చూసుకున్నాడు.

"ఇంకా కోపమేనా నా మీద?"

"కోపం కాదు నాయనా," అంది. "రోత. నా పేరు ఇందులో వద్దు."

గెర్నోట్ మిగతా కాగితాలు కూడా తీసుకుని బయటికి నడిచాడు.