ఆఖరి చెట్టుకు పేరు లేదు

నిన్న పొద్దున చాయ్ తాగుతుంటే గెలలు కోసే అన్న ఫోన్ చేశాడు. "అక్కా, జస్టిఫై కాడ నాగుబాము కుబుసం ఇడిసింది. ఇయ్యాల అటు దిక్కు రాకు" అన్నాడు. వయసులో నాకంటే పెద్దవాడే, అయినా అక్కా అనే పిలుస్తాడు. అడవి అంచున ఉన్న వాళ్ళ ఊరి నుంచి మా పామాయిల్ తోటలో కోతలకు వస్తూ పదిహేనేళ్ళు దాటింది. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు. చాయ్ తాగాలనిపించక గ్లాసు పక్కన పెట్టేశాను, పాము భయంతో కాదు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకంతే.

జస్టిఫై అనేది మా తోటలో ఒక చెట్టు. దాని పక్కది ఇవాల్యుయేట్, అవతలిది కంపేర్. ఈ పేర్లు మా చెల్లెలు పెట్టింది. సత్తుపల్లిలో ఒక దవాఖానాలో నర్సుగా చేసేది. పరాయి దేశంలో నర్సు ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. వినటం, మాట్లాడటం ఎలాగో గట్టెక్కేవి, రాయటం దగ్గరే రెండుసార్లు అర మార్కుతో బోల్తా పడింది. వ్యాసాల్లో వాడే పెద్దపెద్ద క్రియలు ఓ నలభై నేర్చుకుంటే పని అవుతుందని కోచింగ్ సారు చెప్పాడట. పుస్తకం పట్టుకుంటే దీనికి నిద్ర. అందుకని ఒక ఆదివారం బకెట్లో సున్నం కలుపుకుని తోటలోకి వెళ్ళి, బోరు షెడ్డు పక్క సాలులో, మట్టలు రాలి నున్నబడిన మొదళ్ళ మీద చెట్టుకో మాట రాసింది. సెలవు రోజైతే ఆ సాలు వెంట నడవటం, ప్రతి చెట్టు ముందూ ఆగి ఆ మాటతో ఓ వాక్యం అప్పజెప్పటం. వెనకాల నోట్‌బుక్ పట్టుకుని, తెలుగు మీడియంలో పదో తరగతి చదివిన నేను పరీక్షాధికారిని! "అనలైజ్ అంటే విడదీసి చూసుడు, ఇన్ఫర్ అంటే ఉన్నదాన్ని బట్టి లేనిది పసిగట్టుడు, అస్యూమ్ అంటే రుజువు లేకుండనే అనుకొనుడు" అని చెప్పేది. "మన ఊరి ఆడోళ్ళు బోరింగు కాడ ఇవన్నీ పరీక్ష లేకుండనే చేస్తరు గదే" అంటే బ్రష్షు నా మీద విదిలించింది. ఆ చీర మీద సున్నం చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి.

గెల కోసేముందు కింద ఎవరూ లేకుండా కేకేయటం కోతవాళ్ళ పద్ధతి. అంత బరువు నెత్తిన పడితే మనిషి మిగలడు. అన్న అంతకుముందు "షెడ్డు కాడ మూడోది, పడతాంది!" అనేవాడు. చెల్లెలి అప్పజెప్పులు విని విని ఆ మాటలు ఆయనకూ పట్టుబడ్డాయి, లెక్కపెట్టే బాధ తప్పింది. గడకు కట్టిన కొడవలి పైకెత్తి "ఇవాల్యుయేట్ పడతాంది! జరుగుండ్రి!" అని మొదటిసారి అరిచిన రోజు చెల్లెలు నవ్వలేక నేలమీద కూలబడింది.

సాలులో ఆఖరి చెట్టును మాత్రం ఖాళీగా వదిలేసింది. దాని మీద రాయాల్సింది కన్‌క్లూడ్, అంటే ముగించటం. రెండుసార్లూ వ్యాసానికి ముగింపు రాసేలోగా దానికి టైం అయిపోయింది. "దీన్ని పాసైనంకనే రాస్తనక్కా" అంది.

మూడోసారి పరీక్ష వానాకాలంలో పడింది. హైదరాబాదు బస్సెక్కించటానికి అశ్వారావుపేట దాకా నేనే వెళ్ళాను. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. "జరమే ఇది. పరీక్ష మల్ల రాసుకోవచ్చు, ఇంటికి పోదాం పా" అన్నాను. "నర్సును నేనా, నువ్వా? రెండు గోలీలు ఏసుకున్న. అమ్మకు చెప్పకు, నీకు దండం పెడత" అంది. నేను చెప్పలేదు. బస్సెక్కించి, అది మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. పరీక్ష హాలు బయటికొచ్చి "అక్కా, ముగింపు రాసిన!" అని ఫోన్లో అరిచింది. డెంగీ అని తేలేసరికి ఆలస్యమైంది. వారం తిరక్కుండానే ఖమ్మంలో ప్రాణం పోయింది. పదకొండో రోజు దాని ఫోనుకు ఫలితం వచ్చింది. కావాల్సినదానికన్నా అర మార్కు ఎక్కువే. ఫోను పట్టుకుని గొడ్డులా ఏడ్చాను.

ఐదేళ్ళయింది. కోత రోజుల్లో నేటికీ తోటంతా దాని చదువే. అరిచే గొంతు ఆ అన్నదే, సాగదీసే తీరు మాత్రం అచ్చం దానిదే. ఆ పేర్లు మానెయ్యమని ఒకసారి అడిగాను. "మరి చెట్టును ఏమని పిలవాలె అక్కా?" అన్నాడు. అంతకన్నా నన్ను భయపెట్టింది వేరే ఉంది. వానకు సున్నం కరిగిపోవాలి కదా, మా చెట్ల మీది మాటలు ఏటికేడు తెల్లబడుతున్నాయి. నేను ముట్టలేదు. పోయిన నెల ఒక మధ్యాహ్నం సాలులో బ్రష్షు గీస్తున్న చప్పుడు వినిపించింది. గుండె చిక్కబట్టుకుని వెళితే, బకెట్ పెట్టుకుని అన్న. పాత గీతల మీదే గీత దిద్దుతున్నాడు. అక్షరాలు తెలియవు కాబట్టి ఆ గీతలు ఏటా కాస్త పక్కకు జరిగి, జస్టిఫై ఇప్పుడు ఏ భాషకూ చెందని మాటైంది.

"ఎందుకన్నా ఇదంతా?" అన్నాను.

"చిన్నక్క వస్తే, ఏడిదాక చదివిందో ఎరుక కావాలె గద" అన్నాడు, అదేమంత పెద్ద సంగతి కానట్టు. తర్వాత బకెట్ నా ముందు పెట్టి, "ఆఖరుదానికి నాకు గీత తెల్వది. నువ్వే రాయాలె" అని వెళ్ళిపోయాడు.

బ్రష్షు ముంచాను. చెల్లెలు కష్టపడి సంపాదించుకున్న మాట, రాస్తే న్యాయమే. కానీ ఆ రోజు రెక్క పట్టుకుని బస్సు దించి ఉంటే ఈ మాట అదే రాసుకునేది. చెయ్యి లేవలేదు. బ్రష్షు మీద సున్నం ఆరిపోయింది. ఏళ్ళు గడిచిపోయాయంటారు అందరూ, నేను మాత్రం ఇంకా ఆ బస్సుకు చెయ్యి ఊపుతూనే ఉన్నాను.