మొదటి మేకు

నాకు కుదురు లేదు. మా చిట్కుల్ బడిలో పంతులు నన్ను ఎప్పుడూ గోడ పక్కనే కూర్చోబెట్టేవాడు, కనీసం ఒక వైపైనా కదలకుండా ఉంటానని. పెళ్ళయిన కొత్తలో నేను అన్నం తింటుంటే పీట ఊగడం చూసి, నా భార్య దాని కింద చెక్కముక్క పెట్టింది. ఊగేది పీట కాదు, నా మోకాలని తెలిశాక తీసేసింది. ఇలాంటివాడికి లేత్ మిషన్ మీద ఉద్యోగం దొరకడం అదృష్టమే. తిరిగే పనేదో ఆ మిషనే చూసుకునేది, నేను ఎనిమిది గంటలు దాని ముందు ఒక్కచోట నిలబడక తప్పేది కాదు.

అరవైల మధ్యలో మా జొన్నచేలకు అవతల పెద్ద సర్కారు ఫ్యాక్టరీ లేచింది. నేను అప్రెంటిస్‌గా చేరి టర్నర్‌నయ్యాను. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు క్వార్టర్లలో ఉండేవారు, మా పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం సైకిళ్ళ మీద వచ్చి పోయేవాళ్ళం. క్వార్టర్ల మధ్య ఒక క్లబ్బు, దాని వెనక మొరం పరిచి సున్నంతో గీతలు గీసిన టెన్నిస్ కోర్టు. మొదట్లో అది ఆఫీసర్లది. యూనియన్‌వాళ్ళు పట్టుబట్టాక ఆదివారం తప్ప మిగతా రోజుల్లో, సాయంత్రం నాలుగు నుంచి పొద్దుగూకేదాకా మాక్కూడా ఇచ్చారు.

నాకు బ్యాటు పట్టుకోవడం నేర్పింది మా లేత్‌లుండే మిషన్ షాపు ఫోర్‌మన్. గుడివాడ వైపు మనిషి, అప్పటికే యాభై దాటాడు. తెల్ల ప్యాంటు, నూనె మరక అంటని చొక్కా. నేను మొదటి రోజు బంతిని ఎంత బలంగా కొట్టానంటే అది కోర్టు దాటి, కంచె దాటి, ఎవరి పెరట్లోనో పడింది.

"చేపను పట్టుకున్నట్టు పట్టుకోవోయ్. గట్టిగా నొక్కావా చస్తుంది, వదిలావా జారిపోతుంది," అన్నాడాయన.

"నేను చేపలు పట్టలే సార్, జొన్నలు కోసిన," అన్నాను.

ఆయన నవ్వి, నా వేళ్ళు ఒక్కొక్కటే తీసి పిడి మీద సర్దిపెట్టాడు. రెండేళ్ళపాటు అలా సర్దుతూనే ఉన్నాడు. ఈ ముక్క ముందే చెప్పి పెట్టుకోవాలి, లేకపోతే తర్వాత జరిగినదంతా నాకు అనుకూలంగా చెప్పుకుంటాను.

డెబ్బైలు వచ్చాక ఒకరోజు మా క్లబ్బు సెక్రెటరీ పేపరు పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. ఉద్యోగరీత్యా ఆయన టైమాఫీసు గుమాస్తా, గేటు దగ్గర మా టోకెన్లు చూసే మనిషి. ఎక్కడో దూరదేశంలో కంప్యూటర్ అనే యంత్రం ప్రపంచంలోని టెన్నిస్ ఆటగాళ్ళందరినీ వరసపెట్టి నిలబెడుతోందట. ఇతను ఒకటో వాడు, ఇతను రెండో వాడు, అలా వందలమంది. సెక్రెటరీకి ఆ రాత్రి నిద్ర పట్టలేదని వాళ్ళావిడ అన్నదట. మూడో రోజుకల్లా క్లబ్బు గోడకు ఒక పొడుగాటి పలక బిగించి, దానికి ఇరవై మేకులు కొట్టాడు. ఫ్యాక్టరీలో పాతబడి పక్కన పెట్టిన ఇత్తడి టోకెన్ బిళ్ళలు తెచ్చి, ఆడేవాళ్ళ నంబర్లు పొడిపించి, ఒక్కో మేకుకు ఒక్కో బిళ్ళ తగిలించాడు.

నియమాలు కూడా టైమాఫీసు నియమాల్లాగే ఉండేవి. నీ పైన ఉన్న రెండు మేకులవాళ్ళలో ఎవరినైనా పిలవచ్చు. పిలిచిన వారం లోపల వాడు ఆడాలి, ఆడకపోతే వాడి మేకు నీది. మధ్యాహ్నం షిఫ్టులో ఉన్నవాడు సాయంత్రం ఎలాగూ ఆడలేడు గనక ఆ వారం లెక్కలోకి రాదు. ఇంకో పద్ధతి కూడా పెట్టాడు సెక్రెటరీ, అది మాత్రం ఆయన సొంత బుర్ర. గెలిచినవాడి బిళ్ళను ఓడినవాడే తన చేత్తో పై మేకుకు తగిలించాలి. అలా చేస్తే కక్షలుండవని ఆయన నమ్మకం.

నా బిళ్ళ పందొమ్మిదో మేకుకు వేలాడింది. ఫోర్‌మన్‌ది మొదటి మేకు. ఆ ఇత్తడి ముక్కను చూసిన క్షణం నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు. ఆ మొదటి మేకు కావాలి. ఎందుకంటే ఏం చెప్పను? మా ఇంట్లో నాకు ముందు నలుగురు అన్నలు. బడిలో నేను వెనక బెంచీ, ఫ్యాక్టరీలో నా పైన చార్జ్‌మన్, ఆయన పైన ఫోర్‌మన్, ఆయన పైన ఇంకెందరో. ఎక్కడా నేను మొదటివాణ్ణి కాలేదు. ఇక్కడ అవ్వచ్చు. చెమటలు పట్టేలా పరుగెత్తితే చాలు.

పరుగెత్తాను. ఎండలు ముదిరేలోగా పదకొండో మేకు, వానలు మొదలయ్యేసరికి ఆరోది. బ్యాటు చెక్క వానకు వంకర పోకుండా బిగించే చట్రం నేనే చేసుకున్నాను, దానికి నాలుగు మరబోల్టులు కూడా నేనే తిప్పుకున్నాను. ఇంట్లో కూర్చుని దాన్ని బిగించేవాణ్ణి, విప్పేవాణ్ణి, మళ్ళీ బిగించేవాణ్ణి.

"ఏందయ్యా, కాళ్ళల్ల ముల్లు దిగినట్టు గా తిరుగుడేంది? జెర కూసో," అనేది నా భార్య.

"ఒకటో మేకు రానీ, ఇగ కూసుంట."

"గప్పుడు గూడ నువ్వు కూసోవ్. నాకెరుకనే," అనేది.

వానాకాలం సగమయ్యేసరికి రెండో మేకుకు చేరాను. ఇక మిగిలింది ఫోర్‌మన్ ఒక్కడే. ఆ సాయంత్రమే ఆయన్ను పిలిచాను. ఆయన తల ఊపాడు.

శనివారం షిఫ్టుల లిస్టు పడింది. దాన్ని రాసేది ఫోర్‌మనే. ఆయనకూ నాకూ మధ్యాహ్నం షిఫ్టు, రెండు నుంచి పది దాకా. సరే, వారమే కదా అనుకున్నాను. మామూలుగా వారానికో షిఫ్టు మారుతుంది. మరుసటి శనివారం చూస్తే మళ్ళీ మధ్యాహ్నం షిఫ్టు, ఆయనకూ నాకూ. ఆ తర్వాత వారం కూడా అంతే. షాపులో మిగతావాళ్ళందరికీ షిఫ్టులు మారుతున్నాయి, మా ఇద్దరికి మాత్రం మారడం లేదు. సెక్రెటరీ దగ్గరికి వెళ్ళి మొత్తుకుంటే ఆయన కళ్ళజోడు సర్దుకుని, "షిఫ్టు ముందు, ఆట తర్వాత. రూలు రూలే," అన్నాడు.

ఐదు వారాలు గడిచేసరికి నాకు అన్నం సయించడం మానేసింది. మిషన్ ముందు నిలబడి కిటికీలోంచి ఎండ వాలడం చూసేవాణ్ణి. ఇప్పుడు నాలుగయి ఉంటుంది, ఇప్పుడు ఐదు, ఎవడో ఒకడు ఇప్పుడు కోర్టులో ఆడుతుంటాడు. మధ్యలో ఫోర్‌మన్ వచ్చేవాడు. అప్పటికి ఐదారు నెలలుగా ఆయనకు ఒక అలవాటు ఉంది. తయారైన షాఫ్టు మందం కొలవడానికి వెర్నియర్ నా చేతికిచ్చి, "నువ్వు చదువు, నేను రాస్తాను," అనేవాడు. ఆ వెర్నియర్ మీద గీతలు వెంట్రుకంత సన్నంగా ఉంటాయి. అంతకుముందు తనే చదివి తనే రాసుకునేవాడు. నా మిషన్ మీది షాఫ్టులే కాదు, మా వరసలో అందరివీ నన్నే చదవమనేవాడు. నామీద గురి కుదిరిందని మొదట్లో సంబరపడ్డాను. మేకు కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో మాత్రం, తన పని నాతో చేయించుకుంటూ పైగా నన్ను ఆటకు రాకుండా కట్టేస్తున్నాడని పళ్ళు కొరికేవాణ్ణి. అంకె చెప్పేసి, ముఖం తిప్పుకునేవాణ్ణి.

ఏడో వారం ఆయన గదిలోకే వెళ్ళాను.

"గీ లిస్టు ఏంది సార్? అందరికి మారుతున్నది, మనకెందుకు మారుతలేదు?"

"లిస్టు పనిని బట్టి పడుతుందోయ్, ఆటను బట్టి కాదు."

"భయమైతున్నదని చెప్పరాదు సార్? ఊకుంట."

తలుపు తెరిచే ఉంది. బయట పదిమంది విన్నారు. ఆయన ఎర్రబడలేదు, కేకలు వేయలేదు. బల్ల మీద కాగితాలు అటు జరిపి ఇటు జరిపి, "పోయి పని చూసుకో," అన్నాడు. భయమే అని నాకు రూఢి అయిపోయింది.

తర్వాత బుధవారం మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. ఆ రోజుల్లో అది మామూలే. మిషన్లన్నీ ఒక్కసారిగా మూలిగి ఆగిపోయాయి. అరగంట చూసి, ఇవాళ ఇక రాదని కబురు రాగానే షిఫ్టు వదిలేశారు. అందరూ సైకిళ్ళ షెడ్డు వైపు నడుస్తుంటే నేను పరుగెత్తుకెళ్ళి ఆయనకు అడ్డం నిలబడ్డాను.

"ఇయ్యాల షిఫ్టు లేదు సార్. ఇగ ఆడుదాం."

చుట్టూ యాభైమంది ఉంటారు. కొందరు ఈలలు కూడా వేశారు. ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూశాడు, నిజంగా చూశాడో లేదో ఇప్పుడు చెప్పలేను. "పద," అన్నాడు.

మొదటి రెండు గేములు ఆయన బాగానే ఆడాడు. సర్వీసు చేతి అలవాటు మీద పడిపోయేది. తన కుడివైపు వచ్చిన బంతిని ఎప్పటిలాగే కోసి, వల పక్కన జారవిడిచాడు. మూడో గేములో నేను ఆయన ఎడమవైపు ఒక బంతి వేశాను. వేగమైనది కూడా కాదు. ఆయన కదల్లేదు. బంతి నేలకు తగిలిన చప్పుడయ్యాక తల అటు తిప్పాడు. అప్పటికి అది వెనక కంచెను తాకింది. వయసు మీద పడింది, కాలు సాగడం లేదు అనుకున్నాను. ఇంకొకటి అక్కడే వేశాను. మళ్ళీ అంతే, చప్పుడు విని తిరిగాడు. అప్పుడు ఆయన బ్యాటు వలకు ఆనించి, రెండు కళ్ళూ భుజంతో తుడుచుకున్నాడు. ఎండ ముఖాన పడుతున్నా కళ్ళు చిట్లించడం లేదు, ఊరికే అటూ ఇటూ వెతుకుతున్నాడు.

నువ్వు చదువు, నేను రాస్తాను. ఆ మాట నాకు అక్కడ, ఆ గీత మీద నిలబడి ఉండగా గుర్తొచ్చింది. ఆయన లిస్టులో నన్ను తన షిఫ్టులోనే ఎందుకు ఉంచుకున్నాడో అర్థమైంది. షాపులో నేను పక్కన ఉండాలి, కోర్టులో మాత్రం ఎదురుగా ఉండకూడదు. అందుకే ఇద్దరికీ మధ్యాహ్నం షిఫ్టు. కొలత చదవలేని ఫోర్‌మన్‌ను ఏ షాపు ఉంచుకుంటుంది? అందరి ముందూ ఆయన కాపాడుకుంటున్నది మొదటి మేకును కాదు, ఉద్యోగాన్ని.

ఇదంతా తెలిసింది నాకు. తెలిసిన తర్వాత వచ్చిన బంతిని కూడా ఎడమవైపే వేశాను. ఆ తర్వాతది కూడా. ఎదుటివాడి బలహీనమైన వైపు కొట్టడం ఆటలో తప్పేం కాదని నాకు నేను చెప్పుకుంటూ వేశాను. మేకు అంత దగ్గర్లో ఉంటే నా చెయ్యి ఆగలేదు. ఆరు ఒకటి, ఆరు సున్నా. నాకు ఇప్పటికీ సిగ్గే.

రెండో సెట్టు మధ్యలో చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు మానేశారు. వాళ్ళకూ అర్థమైపోయింది. ఫోర్‌మన్‌కు పై అధికారి, మా షాపు సూపరింటెండెంట్ కూడా కంచె పక్కన నిలబడి ఉన్నాడు.

ఆట అయ్యాక అందరం క్లబ్బులోకి వెళ్ళాం. పద్ధతి ప్రకారం ఫోర్‌మన్ పలక మీంచి రెండు బిళ్ళలూ తీశాడు. నా బిళ్ళను మొదటి మేకుకు తగిలించబోతే అది మేకు పక్కన చెక్కను తాకి కింద పడింది. వంగి, నేల తడిమి, తీశాడు. రెండోసారి ఎడమచేతి వేలితో ముందు మేకును వెతికి పట్టుకుని, ఆ వేలి వెంట బిళ్ళను జరిపి తగిలించాడు. సాయం చేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇంటికి వెళ్ళి చెబితే నా భార్య చేటలో బియ్యం ఏరుతూ, "ఒకటో నంబర్ వచ్చింది గద, ఇగ కూసో," అంది. కూర్చోలేకపోయాను. వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను. ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి, "గట్లెట్ల కొట్టినవయ్యా?" అని ఒక్క మాట అడిగింది.

నాకు ఆగడం చేతకాదు గనక చివరి సంగతి ముందే చెప్పేస్తాను. ఆ చలికాలం ఆయన సిటీకి వెళ్ళి రెండు కళ్ళ పొరలూ తీయించుకున్నాడు, ఎడమ కంటిది ముందే బాగా ముదిరిందట. అద్దాలు సీసా అడుగంత మందం. తిరిగొచ్చాక సామాన్ల స్టోరుకు మార్చారు, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. మళ్ళీ బ్యాటు పట్టలేదు. నేను మొదటి మేకు మీద ఎన్నాళ్ళున్నానో గుర్తులేదు. ఎవడో కుర్ర ఇంజనీరు వచ్చి ఓడించాడు, వాడి బిళ్ళ నేనే తగిలించాను. ప్రపంచంలో ఒకటో వాడి పేరు పేపర్లో చూసినప్పుడల్లా మాత్రం, ఇతను ఎవరి ఎడమవైపు కొట్టి అక్కడికి చేరాడో అనిపించేది.

కానీ నన్ను వదలనిది ఆట మర్నాడు జరిగింది.

కరెంటు వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టే, ఇద్దరికీ. నాలుగింటికి ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని నా మిషన్ దగ్గరికి వచ్చాడు. మా వరసలో మిషన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి, అందరూ మావైపే చూస్తున్నారు. నిన్నటిదాకా అది మా ఇద్దరి మధ్య మామూలు పని, ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతి. ఆయన వెర్నియర్ చాపి, "చదువు," అన్నాడు.

చదివాను. "నలభై రెండు పాయింట్ సున్నా నాలుగు."

తర్వాత షాఫ్టును గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ చదివాను. అదే అంకె.

"రెండోసారి ఎందుకోయ్?"

"తప్పు పోతదేమోనని సార్."

"ఆర్నెల్లుగా నువ్వు ఒక్కసారి చదివిందే రాస్తున్నాను. ఏనాడైనా మళ్ళీ చూడమన్నానా?"

ఆయన గొంతులో కోపం లేదు, అదే నేను తట్టుకోలేకపోయాను. ఆయన రాసుకుని పక్క మిషన్ దగ్గరికి వెళ్ళాడు. అక్కడివాడు తనే చదవబోతూ చెయ్యి చాపాడు. ఆయన వెర్నియర్ ఇవ్వలేదు. నావైపు తిరిగి నిలబడ్డాడు. నేను మిషన్ ఆపి వెళ్ళాను.