ఆటకు గడువు ఎవరూ అడగలేదు

కరోనా తగ్గి గోదావరిఖనిలో గ్రౌండ్లు మళ్లీ తెరిచిన ఏడాది అది. నేను అప్పటికే బొగ్గు కంపెనీ స్టేడియంలో జనరల్ మజ్దూర్‌ని. అంటే ఊడ్వమంటే ఊడ్వాలి, మొయ్యమంటే మొయ్యాలి. నా భర్త బొగ్గుబాయిలో పనిచేస్తూ పోతే నాకిచ్చిన ఉద్యోగం. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

నా పని స్కేటింగ్ రింక్ తుడవడం. రింక్ అంటే చక్రాల బూట్లతో ఆడే నున్నటి నేల. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయ్యాక సన్నటి నల్లపొడి వచ్చి దాని మీద కూర్చుంటుంది. కంటికి కనబడదు, వేలితో రాస్తేనే తెలుస్తుంది. ముందు పొడి చీపురు, తర్వాత తడిగుడ్డ, ఆపైన మళ్లీ పొడిగుడ్డ. ఎక్కడైనా చెమ్మ మిగిలిందా, పిల్లల మోకాళ్లు పగిలినట్టే.

సాయంత్రం అందరికంటే ముందు వచ్చేది శ్రావ్య. ఆమెది పరుగు పందెం స్కేటింగ్ కాదు, ఆర్టిస్టిక్. పాటకు తగ్గట్టు ఎగరాలి, ఒంటికాలి మీద బొంగరంలా తిరగాలి. ఆ తిరుగుడును స్పిన్ అంటారు. చూసే నాకు కళ్లు తిరిగేవి గానీ ఆ పిల్లకు తిరిగేవి కావు.

"పెద్దమ్మా, గా మూలకు ఇంకోసారి తుడువవా?" అనేది.

"నీ ఇంట్ల జీతమున్ననానే?" అని తిడుతూనే తుడిచేదాన్ని.

ఆ యేడు రాష్ట్ర పోటీల్లో గెలిచి జాతీయ పోటీలకు ఎంపికైంది. అప్పుడే పద్దెనిమిది నిండిన ఆమెకు ఆ వయసు గ్రూపులో అదే ఆఖరి అవకాశం. సరిగ్గా అప్పుడే వాళ్ల నాన్న మల్లేశం మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. గుండె బాగాలేదు, ఇక బాయిలో దిగలేడని డాక్టర్లు తేల్చారన్నమాట. అలాంటివాళ్ల పిల్లల్లో ఒకరికి మా కంపెనీలో ఉద్యోగం ఇస్తారు. శ్రావ్య ఒక్కతే బిడ్డ. ఆర్డర్ వచ్చింది. ఉద్యోగానికి ముందు చేయాల్సిన ట్రైనింగూ పోటీలూ ఒకే వారంలో పడ్డాయి.

ఆ సాయంత్రం బూట్లు కట్టుకోకుండా వచ్చి నా పక్కన కూర్చుంది.

"మా అమ్మకు నువ్వన్న చెప్పు పెద్దమ్మా. పోటీలు అయిపోంగనే వచ్చి చేరుత."

వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. తల్లి లక్ష్మి బియ్యం ఏరుతోంది. మల్లేశం మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"పిల్ల గంత కష్టపడ్డది. ఒక్కసారి పోనియ్యి చెల్లె," అన్నాను.

"ఆర్డరు చేతికొచ్చినంక ఆగుతరా అక్కా? రేపు పోయిందంటే మళ్ల ఎవలిస్తరు? చక్రాల మీద తిరిగితె బువ్వొస్తదా?"

"చేతికొచ్చింది యాడికి పోతదే?"

చాట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "బావ పోయిననాడు నీకు గీ నౌకరి రాకపోతే నీ పిల్లల గతేందక్కా? నువ్వే చెప్పు."

ఆ ఉద్యోగంతోనే కదా నా పిల్లలు కంచం ముందు కూర్చున్నది. మల్లేశం అటు తిరిగే, "అక్కను గట్లనకే," అన్నాడు. చాయ్ పెడతానన్నా ఆగకుండా వచ్చేశాను.

శ్రావ్య ట్రైనింగ్‌లో చేరింది. జాతీయ పోటీలకు రాష్ట్రంలో ఆమె తర్వాతి స్థానంలో వచ్చిన అమ్మాయి వెళ్లింది.

కొన్నాళ్లకు డ్యూటీ బట్టల్లోనే రింక్ దగ్గరికి వచ్చింది. నవ్వుతోంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"పెద్దమ్మా, నాతోని ఆర్డరొచ్చిన పిలగాడొకడు ఇప్పుడు ట్రైనింగ్‌ల చేరిండు. అప్పుడు పెండ్లి పడ్డదని ఆఫీసుల దరఖాస్తు ఇచ్చిండట. పెండ్లి చేస్కొని రమ్మని ఎనుకొచ్చే బ్యాచ్‌ల ఏసిన్రు."

"గంతేనా?"

"గంతే. క్లర్కు సారును అడిగిన. 'నువ్వు గూడ అడిగితె సూస్తుంటిమి గదమ్మా' అన్నడు."

ఆమె కాసేపు కంచె పట్టుకుని చిన్నపిల్లల ఆట చూసి, షిఫ్టు బస్సు వస్తుందని వెళ్లిపోయింది.

ఉద్యోగాన్ని నేను తప్పు పట్టను. ఇవాళ మల్లేశం మందులూ ఇల్లూ దాని మీదే నడుస్తున్నాయి. కానీ పెళ్లికి, చావుకు, జాతరకు మేము ఆఫీసులో గడువు అడుగుతూనే ఉంటాం. కాదంటే మళ్లీ వెళ్లి బతిమాలుతాం. ఆటకు కూడా అడగొచ్చని ఆ తల్లికి తోచలేదు, తండ్రికి తోచలేదు, రోజూ కళ్లారా చూసిన నాకూ తోచలేదు. ఆడపిల్ల ఆట కూడా పెళ్లంత పనేనని మాలో ఒక్కరం అనుకున్నా, ఎవరో ఒకరం ఆ ఆఫీసు మెట్లు ఎక్కేవాళ్లం.