ఎండలో నిలబెట్టిన కారు

మా ఊరి కామందు గారు కారు కొన్న నాటి నుంచి దాన్ని ఇంటి ముందు ఎండలోనే నిలబెడతారు. ఎండకు బ్యాటరీలో నీళ్లు ఇగిరిపోయి అది త్వరగా చస్తుందని ఒక కరపత్రంలో చదివి, వేసవి మొదట్లోనే వెళ్లి కారును కొట్టంలో పెట్టమని ఆయనకు చెప్పాను. నవ్వి ఊరుకున్నారు.

ఈ ఉదయం మా వీధి సువార్తమ్మక్కకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. నరసరావుపేట ఆసుపత్రికి కారిస్తానని కామందు గారే ముందుకొచ్చారు. ఆ మంచితనం కాదనను. కానీ డ్రైవరు ఎంత తంటాలు పడ్డా కారు ఉలకలేదు, పలకలేదు. ఊరంతా కలిసి నెట్టినా కదిలి ఆగిందే తప్ప ఇంజను రాజుకోలేదు. అక్కను ఎడ్లబండిలో పంపించాం.

నాకు ఒళ్లు మండింది. "కొట్టంలో పెట్టమని అప్పుడే చెప్పాగా పెదనాయనా?"

"కొట్టంలో పెడితే నాకు కారుందని ఎవడికి తెలుస్తదిరా?"

"ఇయ్యాల నెట్టినోళ్లందరికీ బాగా తెలిసింది," అన్నాడు వెనక నుంచి అక్క మొగుడి తమ్ముడు, చెమట తుడుచుకుంటూ.

తల్లీబిడ్డా క్షేమమని సాయంత్రం కబురొచ్చింది. నా కోపం సగం దిగింది. అంతలో కామందు గారి వాకిట్లో పందిరి గుంజలు పాతుతున్నారు. బుద్ధొచ్చిందని సంతోషించి దగ్గరకు వెళ్లి అడిగాను.

పందిరి కారుకు కాదట. కారు చూడవచ్చేవాళ్లు ఎండకు మాడిపోతున్నారట.

ఇది మన పఠనాలయం ప్రకటనల పలక మీద అంటిస్తున్నాను. ఆయనకు నచ్చజెప్పే మాట ఎవరికైనా తోస్తే కింద రాయండి. నాకు తోచేవన్నీ తిట్లే.